గర్భం నిలవకపోతే దోషం ఎవరిది?

తెలుగింట కోడలు నెల తప్పిందన్న కబురు వచ్చిన నాటి నుంచి శ్రీమంతం వరకు, శ్రీమంతం నుంచి పురుడు వరకు ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ తిరుగుతారు. ఆ గర్భం నిలవకపోతే మాత్రం అదే ఇంట్లో మాటల తీరు మారిపోతుంది. "కోడలికి కడుపు నిలవడం లేదట" అన్న మాటలో దోషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు. సముద్రాలు దాటి న్యూజెర్సీలోనో, టెక్సాస్‌లోనో, కాలిఫోర్నియాలోనో స్థిరపడిన కుటుంబాలలో కూడా ఈ మాట చావలేదు; వేషం మాత్రం మార్చుకుంది. ఒకప్పుడు జాతకంలో దోషమన్నారు. ఇప్పుడు "ఆమె జన్యువులలో ఏదో లోపముందట", "ఆమె ఒళ్ళే బిడ్డను తిరస్కరిస్తోందట" అంటున్నారు. జాతకం కూర్చున్న పీట మీద జన్యువు వచ్చి కూర్చుంది గాని, నింద పడే చోటు మారలేదు.

తల్లి జన్యువులు గర్భకాలంలో ఆమె రోగనిరోధక వ్యవస్థ నడవడిని ప్రభావితం చేస్తాయన్నది నిజం. అయితే ఆ నిజాన్ని సగం విని ఆగిపోవడం వల్లనే ఈ నింద పుడుతోంది. గర్భంలో తల్లి జన్యువు ఏనాడూ ఒంటరిగా పనిచేయదు. బిడ్డలోని తండ్రి జన్యువుతో ఎదురుపడినప్పుడే దాని ఫలితం తేలుతుంది. ఒక కలయికలో చిక్కు తెచ్చిన జన్యువే మరొక కలయికలో నిరపాయంగా ఉంటుంది. కనుక దోషాన్ని ఒక్కరికి అంటగట్టడం అన్యాయమే కాక అశాస్త్రీయం కూడా. అంతకు మించి, అది ప్రమాదకరం. నిందకు భయపడి దాచిన సంగతే తరువాతి బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

మెడావర్ అడిగిన ప్రశ్న

శరీరంలో ప్రవేశించిన పరాయి పదార్థాన్ని గుర్తించి ఎదుర్కొనే ఏర్పాటే రోగనిరోధక వ్యవస్థ. మరొకరి మూత్రపిండాన్ని దానంగా పొందిన రోగి ఏళ్ళ తరబడి మందులు మింగవలసి రావడానికి కారణం ఈ వ్యవస్థే. గర్భస్థ శిశువులో సగం జన్యువులు తండ్రివి. ఆ లెక్కన తల్లి శరీరానికి బిడ్డ సగం పరాయి. మరి ఆమె శరీరం తొమ్మిది నెలల పాటు ఆ పరాయి సగాన్ని ఎలా సహిస్తోంది?

1953లో ఈ ప్రశ్నను స్పష్టంగా లేవనెత్తినవారు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పీటర్ మెడావర్. అవయవ మార్పిడికి పునాది వేసిన పరిశోధనలకు 1960లో నోబెల్ బహుమతి పంచుకున్న మెడావర్, గర్భం విషయంలో మూడు సమాధానాలు ఊహించారు. తల్లికీ బిడ్డకూ నడుమ అడ్డుగోడ ఉండవచ్చు. పరాయిదని గుర్తించే లక్షణాలు బిడ్డలో ఇంకా పరిపక్వం కాకపోవచ్చు. లేదా తల్లి రోగనిరోధక వ్యవస్థ ఆ కాలంలో మందగించవచ్చు. తరువాతి దశాబ్దాల పరిశోధనలలో ఈ మూడింటిలో ఏదీ పూర్తి సమాధానం కాలేదు. తల్లి రోగనిరోధక వ్యవస్థ గర్భకాలంలో నిద్రపోదు. మేలుకునే ఉండి, బిడ్డను మోసే మావి నిలదొక్కుకోవడంలో తానూ ఒక చేయి వేస్తుంది. ఆ ఒడంబడిక ఎక్కడ చెడగలదో మొట్టమొదట బయటపడింది మాత్రం మెడావర్ ప్రశ్నకు పదిహేనేళ్ళు ముందు, న్యూయార్క్ నగరంలో.

బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఒక తల్లి

1937లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఒక స్త్రీ రెండవ కాన్పులో మృతశిశువును ప్రసవించింది. రక్తస్రావమైన ఆమెకు భర్త రక్తాన్ని ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా రక్తం ఎక్కగానే ఆమెకు చలి, నొప్పులు, ఒంట్లో తీవ్రమైన వికారం మొదలయ్యాయి. ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్ అనే ఇద్దరు వైద్యులు ఆమె రక్తాన్ని పరీక్షించి, ఓ గ్రూపువారిలోనే సుమారు 80 శాతం మంది రక్తంతో అది పొసగడం లేదని గమనించారు. 1939లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వారు ప్రకటించిన వివరణ వైద్యశాస్త్ర గతిని మార్చింది. తల్లిలో లేని ఒక రక్తలక్షణం తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించింది. దానికి వ్యతిరేకంగా తల్లి రక్తంలో ప్రతిరక్షకాలు తయారయ్యాయి. భర్త రక్తంలోనూ అదే లక్షణం ఉండడం వల్ల ఆ రక్తం ఆమెకు విషమైంది. ఇదీ వారి వాదం. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించిన ఆర్‌హెచ్ లక్షణంతో ఈ కథ ముడిపడింది. 1941 నాటికి నవజాత శిశువుల ప్రాణాంతకమైన రక్తహీనతకు, తీవ్రమైన కామెర్లకు ప్రధాన కారణం ఇదేనని లెవీన్ బృందం నిరూపించింది.

ఇక్కడ దోషి ఎవరు? తల్లిలో ఆర్‌హెచ్ జన్యువు లేకపోవడం రోగం కాదు. ఆమె సంపూర్ణ ఆరోగ్యవంతురాలు. తండ్రిలో ఆ జన్యువు ఉండడమూ రోగం కాదు. ఆర్‌హెచ్ నెగెటివ్ స్త్రీ ఆర్‌హెచ్ నెగెటివ్ పురుషుణ్ణి వివాహమాడితే ఈ చిక్కే లేదు. బిడ్డ తండ్రి నుంచి ఆ లక్షణాన్ని తెచ్చుకున్నప్పుడే సమస్య పుడుతుంది. అప్పుడు కూడా మొదటి బిడ్డ సాధారణంగా క్షేమంగానే పుడుతుంది. ప్రసవ సమయంలో బిడ్డ రక్తకణాలు తల్లి రక్తంలో కలిసినప్పుడు ఆమె శరీరం ప్రతిరక్షకాలను తయారుచేయడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్న పాఠమే రెండవ గర్భంలో బిడ్డ మీద పడుతుంది. గర్భస్రావం జరిగినా, గర్భసంచి వెలుపల గర్భం వచ్చినా ఆ పాఠం నేర్చుకునే అవకాశముంది.

రారిటన్‌లో తయారైన రక్ష

ఈ ఆపదకు విరుగుడు కూడా అమెరికా గడ్డ మీద రూపుదిద్దుకుంది. న్యూయార్క్‌లోని కొలంబియా వైద్యకేంద్రంలో విన్సెంట్ ఫ్రీడా, జాన్ గోర్మన్, న్యూజెర్సీలోని రారిటన్‌లో ఆర్థో సంస్థకు చెందిన విలియం పొలాక్ కలిసి ఒక సాహసోపేతమైన ఆలోచన చేశారు. తల్లి శరీరం ప్రతిరక్షకాలు తయారుచేయడం నేర్చుకోక ముందే, ఇతరుల రక్తం నుంచి తీసిన అవే ప్రతిరక్షకాలను ఆమెకు సూదిమందుగా ఇస్తే, బిడ్డ కణాలు తొలగిపోయి ఆ పాఠమే మొదలు కాకుండా పోతుందని వారి తర్కం. తొలి ప్రయోగాలు సింగ్‌సింగ్ కారాగారంలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఖైదీలపై జరిగాయి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, రొనాల్డ్ ఫిన్ విడిగా ఇదే దారిలో నడిచారు. 1968లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. 1980లో ఈ ఐదుగురికీ లాస్కర్ పురస్కారం దక్కింది. నేడు బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్ళే తెలుగు కుటుంబాలలో, ఆ పక్కనే ఉన్న చిన్న ఊరు రారిటన్‌కు ఇంతటి చరిత్ర ఉందని ఎరిగినవారు తక్కువ.

ఈ రక్ష ఎంత బలమైనదో అంకెలే చెబుతాయి. ఏ రక్షా లేని కాలంలో, ఆర్‌హెచ్ పాజిటివ్ బిడ్డను కన్న ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లులలో సుమారు 16 శాతం మంది ప్రతిరక్షకాలను తయారుచేసుకునేవారు. ప్రసవానంతరం 72 గంటలలోపు మందు ఇవ్వడంతో అది 1 లేదా 2 శాతానికి తగ్గింది. 28వ వారంలో కూడా ఇవ్వడం ఆరంభించాక 0.1 నుంచి 0.3 శాతానికి దిగింది. ఆ మందు కర్మాగారంలో రసాయనాలతో తయారయ్యేది కాదు; దాతల రక్తం నుంచి తీసేది. 2025లో కన్నుమూసిన ఆస్ట్రేలియా పౌరుడు జేమ్స్ హారిసన్ ఇందుకోసం 1,173 సార్లు దానం చేశారు.

తెలుగు కుటుంబాలు ఇందులో ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. అమెరికాలోని ఐరోపా సంతతివారిలో సుమారు 15 శాతం మంది ఆర్‌హెచ్ నెగెటివ్ కాగా, భారతీయులలో సుమారు 5 శాతమే. తక్కువే కదా అని తేలికగా తీసుకోవడం పొరపాటు. నెగెటివ్‌లు అరుదు కాబట్టే, నెగెటివ్ అయిన తెలుగు స్త్రీకి దొరికే తెలుగు భర్త దాదాపు ప్రతిసారీ పాజిటివే అవుతాడు. సంఖ్య చిన్నదైనా, ఆ చిన్న సంఖ్యలోని ప్రతి ఇల్లాలికీ ఈ సమస్య ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

మావి అంచున సంభాషణ

ఆర్‌హెచ్ కథలో తల్లి ప్రతిరక్షకాలు శత్రువులుగా కనిపిస్తాయి. కాని గర్భారంభంలో జరిగే మరొక కథలో తల్లి రోగనిరోధక కణాలే బిడ్డకు ఆప్తులు. గర్భాశయపు పొరలో ఆ దశలో ఉండే తెల్లకణాలలో సుమారు 70 శాతం సహజ సంహారక కణాలనే జాతికి చెందినవి. పేరు భయంకరమే అయినా, అవి బిడ్డను చంపడానికి అక్కడ లేవు. బిడ్డ వైపు నుంచి వచ్చే మావి కణాలు తల్లి రక్తనాళాలలోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేయాలి. అప్పుడే బిడ్డకు చాలినంత రక్తం అందుతుంది. ఎంత లోతుకు చొచ్చుకుపోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించడంలో ఈ కణాలదే ముఖ్యపాత్ర.

ఆ నిర్ణయం రెండు జన్యు సముదాయాల మధ్య సంభాషణ లాంటిది. తల్లి కణాల మీద ఉండే కిర్ అనే గ్రాహకాలను 19వ క్రోమోజోము మీది జన్యువులు నిర్దేశిస్తాయి. బిడ్డ మావి కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులను 6వ క్రోమోజోము మీది జన్యువులు నిర్దేశిస్తాయి. అవయవ మార్పిడిలో గొడవ పెట్టే హెచ్‌ఎల్‌ఏ ఏ, బీ గుర్తులను మావి కణాలు ప్రదర్శించవు. సీ గుర్తును ప్రదర్శిస్తాయి. వాటితో పాటు జీ అనే మరొక గుర్తు కూడా మావి మీద ఉంటుందని విస్కాన్సిన్, శాన్ ఫ్రాన్సిస్కో శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించారు.

కేంబ్రిడ్జ్‌లోని ఆష్లీ మొఫెట్ బృందం 2004లో ఈ సంభాషణలోని ఒక ముఖ్యమైన మెలికను బయటపెట్టింది. కొందరు తల్లులకు వచ్చే కిర్ జన్యువులు ఎక్కువగా కణాలను అదుపు చేసేవి. అటువంటి తల్లి గర్భంలోని బిడ్డకు హెచ్‌ఎల్‌ఏ సీలో రెండవ తరగతి గుర్తు ఉంటే, తల్లి కణాలు అతిగా అణిగిపోతాయి. రక్తనాళాలు చాలినంత వెడల్పు కావు. ప్రీ-ఎక్లాంప్సియా వచ్చే అవకాశం పెరుగుతుంది. రక్తపోటు పెరిగి, ముదిరితే పల్లెల్లో గుర్రపు వాతమని పిలిచే మూర్ఛకు దారితీసే జబ్బు ఇది. బిడ్డకు ఆ గుర్తు తండ్రి నుంచి వచ్చినప్పుడు ప్రమాదం మరింత ఎక్కువని తరువాతి పరిశోధనలలో తేలింది. అదే తల్లికి మొదటి తరగతి గుర్తు గల బిడ్డ కలిగితే ఆ ప్రమాదం కనిపించదు. మరొక వైపు, కణాలను ఉత్తేజపరిచే కిర్ జన్యువులున్న తల్లికి రెండవ తరగతి గుర్తు గల బిడ్డ కలిగితే ఆ బిడ్డ బరువు పెరిగే అవకాశం ఉంది. అతిగా పెరిగితే కాన్పు కష్టమవుతుంది. ఇటు లోటు, అటు అతి. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అన్న విభజనకు ఇక్కడ తావే లేదు.

ఇందులో ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. 2015లో ఉగాండా తల్లులపై వెలువడిన పరిశోధనలో, ఐరోపావాసులలో లేని ఒక కిర్ జన్యు భాగం ఆఫ్రికా స్త్రీలను ప్రీ-ఎక్లాంప్సియా నుంచి కాపాడుతోందని తేలింది. ఒక జాతిలో తేలిన సత్యం మరొక జాతికి యథాతథంగా వర్తించదన్నమాట. ఐరోపా సంతతి తల్లుల అంకెలు చూపి తెలుగు తల్లికి తీర్పు చెప్పడం తొందరపాటు.

మేనరికం మాటేమిటి?

మేనరికాలు వాడుకలో ఉన్న తెలుగువారికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. బావామరదళ్ళ హెచ్‌ఎల్‌ఏ గుర్తులలో పోలిక ఎక్కువగా ఉండవచ్చు. అది గర్భానికి మేలా, కీడా? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ ఓబర్, దక్షిణ డకోటాలో కట్టుబాట్లతో జీవించే హటరైట్ సమాజంలో ఏళ్ళ తరబడి ఈ ప్రశ్నను పరిశోధించారు. దంపతుల హెచ్‌ఎల్‌ఏ గుర్తుల సముదాయం పూర్తిగా కలిసినప్పుడు గర్భస్రావాలు కొంత పెరిగినట్లు 1998లో ప్రకటించారు. అయినా హటరైట్లు పెద్ద కుటుంబాలకు పేరుపొందినవారే. తమిళనాడులో రావు, ఇన్‌బరాజ్ అనే శాస్త్రజ్ఞులు 1977లో ప్రచురించిన విస్తృత పరిశీలనలో, మేనరికపు దంపతులకు సంతానలేమి గాని గర్భస్రావాలు గాని చెప్పుకోదగినంతగా పెరగలేదు. మేనరికాల వల్ల బిడ్డలకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు రాగల మాట నిజమే. అది వేరే చర్చ. గర్భం నిలవకపోవడానికి మాత్రం మేనరికాన్ని తొందరపడి కారణంగా చూపడం సరికాదు.

నింద అమ్మే చికిత్సలు

తల్లి శరీరం బిడ్డను తిరస్కరిస్తోందన్న భావన ఒక దశలో వైద్యాన్ని కూడా దారి తప్పించింది. భర్త తెల్లకణాలను భార్యకు సూదిమందుగా ఇస్తే ఆమె శరీరం ఆ లక్షణాలకు అలవాటు పడుతుందన్న నమ్మకంతో 1980లలో ఒక చికిత్స వ్యాపించింది. ఓబర్ నాయకత్వంలో జరిగిన నిష్పాక్షిక పరీక్ష ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. చికిత్స పొందినవారిలో 36 శాతం మందికి, పొందనివారిలో 48 శాతం మందికి గర్భం నిలిచింది. చికిత్స మేలు చేయలేదు సరికదా, కీడు చేసిందన్న అనుమానం మిగిలింది. 2002లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆ చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలకే పరిమితం చేసింది.

ఈ ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. మొదటిది, దుఃఖంలో ఉన్న దంపతులకు "తిరస్కారం" అన్న మాట అమ్ముడుపోయినంత సులభంగా మరేదీ అమ్ముడుపోదు. రెండవది, పదేపదే గర్భం పోయిన స్త్రీలలో కూడా, ఏ చికిత్సా లేకుండానే, దాదాపు సగం మందికి తరువాతి గర్భం నిలిచింది. తొలి మూడు నెలలలో పోయే గర్భాలలో సుమారు సగానికి కారణం పిండపు క్రోమోజోముల లెక్క తప్పడమే. అందులో తల్లి రోగనిరోధక వ్యవస్థకు ప్రమేయమే లేదు. రోగనిరోధక కారణం నిజంగా ఉన్న సందర్భాలూ లేకపోలేదు. ఫాస్ఫోలిపిడ్‌లకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఉన్న స్త్రీలకు ఆస్పిరిన్, హెపారిన్ కలిపి ఇచ్చే చికిత్స ఉంది. రుజువైన చికిత్సకూ, రుజువు కాని ఆశకూ తేడా అడిగి తెలుసుకోవడం దంపతులిద్దరి హక్కు.

దాపరికమే అసలు దోషం

ఇక అసలు విషయం. నింద ఉన్నచోట దాపరికం ఉంటుంది. పెళ్ళికి ముందో, భారతదేశంలో ఉండగానో జరిగిన గర్భస్రావాన్ని అత్తవారికి తెలియకూడదని దాచిన స్త్రీ, అమెరికాలో వైద్యుని ఎదుట అత్తగారు పక్కనే కూర్చుని ఉన్నప్పుడు దానిని చెప్పగలదా? "ఇది మొదటి గర్భమేనా?" అన్న ప్రశ్నకు ఆమె తలూపుతుంది. ఆమె ఆర్‌హెచ్ నెగెటివ్ అయి, ఆనాడు రక్షమందు పొంది ఉండకపోతే, ఆమె రక్తంలో ప్రతిరక్షకాలు అప్పటికే తయారై ఉండవచ్చు. రక్తపరీక్ష వాటిని పట్టుకోగలదు గాని, పూర్వచరిత్ర తెలిసిన వైద్యుడు మరింత ముందుగా, మరింత జాగ్రత్తగా అడుగు వేయగలడు. ఇల్లు మోపిన నింద ఆమె నోరు నొక్కితే, ఆ మౌనానికి మూల్యం చెల్లించేది పుట్టబోయే మనుమడో, మనుమరాలో.

కనుక ప్రవాస తెలుగు కుటుంబాలు పాటించవలసినవి క్లిష్టమైనవి కావు. పెళ్ళి సంబంధంలో జాతకాల పక్కన రక్తపు గ్రూపు కాగితం కూడా ఉండాలి. సంబంధం తప్పించుకోవడానికి కాదు, ముందుజాగ్రత్త పడడానికి. గర్భిణి వైద్యునితో ఏకాంతంగా మాట్లాడే అవకాశాన్ని కుటుంబం తానుగా కల్పించాలి. భార్య ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే 28వ వారపు మోతాదు, ప్రసవానంతరం 72 గంటల గడువు భర్తకు కంఠస్థం కావాలి. 2024లో అమెరికాలో ఈ మందుకు కొరత ఏర్పడినప్పుడు, తల్లి రక్తం నుంచే బిడ్డ ఆర్‌హెచ్ లక్షణాన్ని తెలుసుకునే పరీక్షను వాడుకోవచ్చునని ప్రసూతి వైద్యుల కళాశాల సూచించింది. అటువంటి పరీక్ష గురించి అడగడానికి సంకోచించనక్కరలేదు. ఇక, 2018లో దేశమంతటా మొదలైన "ఆల్ ఆఫ్ అజ్" వంటి జాతీయ పరిశోధనలలో తెలుగువారు పేర్లు నమోదు చేసుకుంటేనే రేపటి శాస్త్రంలో తెలుగు తల్లుల లెక్క ఉంటుంది. పాల్గొనని సమాజం ఇతరుల అంకెలతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది.

1996లో బోస్టన్‌లో డయానా బియాంకీ బృందం ఒక విచిత్రాన్ని ప్రకటించింది. కొడుకును కన్న 27 ఏళ్ళ తరువాత కూడా ఒక తల్లి రక్తంలో మగబిడ్డ కణాలు కనిపించాయి. నిలవని గర్భాల కణాలు సైతం తల్లిలో మిగలగలవని తరువాతి పరిశోధనలు చూపాయి. తల్లి శరీరం పరాయిదని తరిమివేస్తుందనుకున్న బిడ్డను, లోకం మరచిపోయిన తరువాత కూడా, తనలో దాచుకునే ఉంటుంది. అటువంటి శరీరాన్ని పట్టుకుని బిడ్డను తిరస్కరించిందని అనడానికి ఏ ఇంటికీ అధికారం లేదు. గర్భం రెండు వంశాల ఉమ్మడి వ్యవహారం. నిలిచినప్పుడు సంతోషాన్ని పంచుకున్న రెండు కుటుంబాలూ, నిలవనప్పుడు బాధనూ బాధ్యతనూ అలాగే పంచుకోవాలి.